సైకిళ్ళ మీద థీసిస్: ఎవరిని అడగాలి, ఏ వేళకు లెక్కించాలి

హైదరాబాదులో సైకిల్ ప్రయాణాల మీద థీసిస్ చేయబోతున్నాననీ, పోర్ట్‌లాండ్ వర్గీకరణను ఆధారం చేసుకుని ఆన్‌లైన్ ఫారంతో సర్వే చేస్తే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. ప్లానింగ్ చదివే రోజుల్లో సరిగ్గా ఈ పనే చేసి ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిల్ వ్యవహారాలు చూసే రోజర్ గెల్లర్ 2006లో నగరవాసులను నాలుగు రకాలుగా విడదీశారు: ఏ రోడ్డు మీదైనా జంకకుండా తొక్కేవారు, సైకిళ్ళకు కాస్త చోటిస్తే ధైర్యంగా తొక్కేవారు, తొక్కాలని ఉన్నా ట్రాఫిక్‌కు భయపడి ఆగిపోయేవారు, ఏం చేసినా తొక్కనివారు. మొదట ఇది ఆయన అనుభవం మీద వేసిన అంచనా మాత్రమే. తరువాత పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నిఫర్ డిల్, నేథన్ మెక్‌నీల్ సర్వేలు చేసి, మూడో రకం వారే అందరికన్నా ఎక్కువని చూపారు. సైకిల్ తొక్కడం ఇష్టాయిష్టాల విషయమైన చోట ఇది మంచి పనిముట్టే.

నేను ఆ ప్రశ్నలను తెలుగు చేసి ఫారంలో పెడితే, జవాబిచ్చినవారిలో ఎక్కువమంది ఆదివారాలు గేర్ల సైకిళ్ళ మీద వ్యాయామానికి వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. అది చూసి మా గైడ్ కాగితాలు పట్టుకుని కార్ఖానాలుండే బాలానగర్ వెళ్ళమన్నారు. అక్కడ ఒక వర్క్‌షాపు గేటు దగ్గర, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారేజీ తగిలించుకుని వస్తున్న పెద్దాయనను ఆపి, ట్రాఫిక్ భయం లేకపోతే ఇంకా ఎక్కువ తొక్కుతారా అని అడిగాను. "బండి కొనే స్తోమతుంటే ఇదెందుకు తొక్కుతాను బాబూ?" అన్నారాయన. నా కాగితం మీద ఆ జవాబుకు గడి లేదు. రోజూ లారీల మధ్య తొక్కుతున్నారు కనుక ఆయన మొదటి రకం; మనసు అడిగితే నాలుగో రకం. మన నగరాల్లో అత్యధికులు గత్యంతరం లేక తొక్కేవారేనని ఐఐటీ ఢిల్లీకి చెందిన గీతం తివారీ ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు. నేను ఆ వ్యాసాలను ఫారం పంపకముందే చదివి ఉండవలసింది.

రెండో పొరపాటు వేళది. ట్రాఫిక్ సర్వేల అలవాటు ప్రకారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా కూడలిలో నిలబడి లెక్కిస్తే సైకిళ్ళు దాదాపు కనిపించలేదు. అప్పటికే షిఫ్టు వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు, పేపర్లు వేసేవారూ పాలవారూ ఇళ్ళకు చేరిపోయారు. తెల్లవారుజామున మొదలుపెట్టాక అదే కూడలి వేరే ఊరిలా కనిపించింది.

2011 జనగణన పట్టికలను వాడుకోదలిస్తే ఒక జాగ్రత్త. పనికి ఏ వాహనం మీద, ఎంత దూరం వెళతారన్న వివరాలు అందులో 'ఇతర పనివారి'కే ఉన్నాయి. రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటివద్ద పరిశ్రమ నడుపుకొనేవారు ఆ లెక్కలో లేరు. పనికి వెళ్ళే ప్రయాణమే లెక్క కనుక, బడికి సైకిల్ మీద వెళ్ళే పిల్లలూ అందులోకి రారు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల, సౌర ఫలకాల కప్పున్న సైకిల్ ట్రాకును తీసుకోవాలని మీకు అనిపించవచ్చు. తీసుకోండి, కానీ బాలానగర్ పెద్దాయన దారి అది కాదు కనుక, దాన్నొక్కదాన్నే చూసి నగరం గురించి తీర్పు రాయకండి.

మాటలు రాబట్టడానికి అన్నిటికన్నా మంచి చోటు సైకిల్ రిపేరు షాపు. పంక్చరు వేసేదాకా మనిషి ఎక్కడికీ కదలడు, మీ ప్రశ్నలన్నిటికీ తీరిగ్గా జవాబు చెబుతాడు.