టాకిల్స్ లెక్క వదిలి, మొదటి రెండు అడుగులు చూడండి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్. ఎత్తు 6 అడుగులు, బరువు 205 పౌండ్లు. గత సీజన్‌లో 90కి పైగా టాకిల్స్ (బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టడం) చేశాడు. జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.7. కాలేజీలోనూ ఆడతానంటున్నాడు. 4,000 డాలర్లు కడితే కాలేజీ కోచ్‌ల దృష్టిలో పడేలా చేస్తామని ఒక సంస్థ అంటోంది. క్రికెట్ తప్ప ఈ ఆట నాకు అర్థం కాదు. వాడిలో నిజంగా సరుకుందో లేదో ఎలా తెలుసుకోవాలి? – ఒక తండ్రి

జవాబు: ముందుగా ఆ 4,000 డాలర్లు జేబులోనే ఉంచుకోండి. ఆటగాళ్లు తమ వీడియోలు పెట్టే హడల్ అనే సైట్‌లో వీడియో పెట్టడానికి, కోచ్‌కు మెయిల్ రాయడానికి మధ్యవర్తి అక్కర్లేదు. కోచ్‌కు కావలసిన కుర్రాడైతే ఆయనే వెతుక్కుంటూ వస్తాడు. కానివాణ్ని ఏ సంస్థా అమ్మిపెట్టలేదు.

మీకు క్రికెట్ కంటే కబడ్డీ గుర్తు తెచ్చుకుంటే ఈ స్థానం త్వరగా అర్థమవుతుంది. కూతకు వచ్చినవాడు ఎటు కదులుతాడో ముందే పసిగట్టి, తొడ దొరకబుచ్చుకుని పడేసేవాడు ఉంటాడు చూడండి, లైన్‌బ్యాకర్ పని ఇంచుమించు అదే. కాకపోతే ఇక్కడ అతనికీ బంతి పట్టుకున్నవాడికీ మధ్య 300 పౌండ్ల మనుషులు అడ్డంగా ఉంటారు. పైగా ఎదుటివాళ్లు బంతిని గాల్లో విసిరితే (పాస్) వెనక్కి పరుగెత్తి, తనకంటే వేగంగా పరుగెత్తేవాణ్ని కాపలా కాయాలి.

90 టాకిల్స్ అంటే వినడానికి బాగుంది కానీ, ఆ అంకె కోచ్‌లకు పెద్దగా ఏమీ చెప్పదు. ప్రత్యర్థిని ఆట మొదలైన గీత దగ్గరే పట్టుకున్నా, ఎనిమిది గజాలు దూసుకొచ్చాక పట్టుకున్నా స్కోరు పుస్తకంలో ఒకే టాకిల్. జట్టు బలహీనంగా ఉండి ఎదుటివాళ్లు ఆటంతా బంతి పట్టుకుని పరుగెడుతుంటే లైన్‌బ్యాకర్ల లెక్క దానంతటదే పెరుగుతుంది.

అందుకని ఈసారి ఆట చూసేటప్పుడు బంతి వైపు చూడకండి. ఫోన్‌లో మీ వాణ్ని ఒక్కడినే రికార్డు చేసి, ఇంటికొచ్చాక నెమ్మదిగా తిప్పి చూడండి. స్నాప్‌కు, అంటే బంతి ఆటలోకి వచ్చే క్షణానికి, ముందు అతని కళ్లు ఎక్కడున్నాయి? ఎదుటి జట్టు ముందు వరసలో తనకు ఎదురుగా ఉన్న ‘గార్డు’ అనే ఆటగాడి మీద ఉండాలి. గార్డు ముందుకు దూకితే సాధారణంగా బంతి పట్టుకుని పరుగెత్తబోతున్నారని. తల పైకెత్తి వెనక్కి జరిగితే పాస్. వరస వదిలి పక్కకు పరుగెత్తితే బంతి కూడా చాలావరకు అటే వెళుతుంది. గార్డు కదలికను పసిగట్టి మీ అబ్బాయి మొదటి రెండు అడుగులు సరైన వైపు వేస్తున్నాడా, లేక ఒక అడుగు తప్పుగా వేసి, ఆగి, తర్వాత తన వేగంతో దిద్దుకుంటున్నాడా? హైస్కూల్లో ఆ దిద్దుబాటు చెల్లుతుంది. కాలేజీలో అందరూ వేగంగా ఉంటారు కాబట్టి చెల్లదు. పరుగులా నటించి పాస్ వేసినప్పుడు ఎన్నిసార్లు మోసపోయాడో కూడా లెక్కపెట్టండి. నా దృష్టిలో మిగతా కొలతలన్నీ కలిపినా ఈ ఒక్కదానికి సాటి రావు.

ఆ తర్వాత చేతులు చూడండి. తనను అడ్డుకోవడానికి వచ్చినవాణ్ని చేతులతో తోసి విడిపించుకుంటున్నాడా, లేక చుట్టూ తిరిగి తప్పించుకుంటున్నాడా? తిరిగి వెళ్లేవాడు తన జాగా ఖాళీ చేస్తాడు. బంతి అక్కడినుంచే దూరిపోతుంది.

ఇక కొలతలు. పెద్ద కాలేజీలు లైన్‌బ్యాకర్‌లో సాధారణంగా 6 అడుగుల 1 అంగుళం నుంచి 3 అంగుళాల ఎత్తు, 220 పౌండ్లకు పైగా బరువు పెరగగల దేహం కోరుకుంటాయి. 40 గజాల పరుగు చేతి గడియారంతో తీస్తే తక్కువ సమయం చూపిస్తుంది కాబట్టి కోచ్‌లు దాన్ని నమ్మరు. ట్రాక్ పోటీల్లో 100 మీటర్ల సమయం, రెజ్లింగ్, షాట్‌పుట్ రికార్డులుంటే ఎక్కువ విలువ ఇస్తారు. ఇంకో సంగతి, నవ్వకండి: ఇంటికి వచ్చే కోచ్ తల్లిదండ్రుల ఎత్తు కూడా గమనిస్తాడు. కుర్రాడు ఇంకా పెరుగుతాడా లేదా అన్నది అక్కడ అంచనా వేస్తాడు.

6 అడుగులంటే తలుపులు మూసుకున్నట్టు కాదు. లైన్‌బ్యాకర్ జాక్ థామస్ మీ రాష్ట్రంలోని పాంపా హైస్కూల్లో ఆడినవాడే, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, 2023లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వియత్నాం శరణార్థుల శిబిరంలో పుట్టిన డాట్ నుయెన్‌ది కూడా అదే ఎత్తు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఆడి, ప్రొఫెషనల్ జట్టు డాలస్ కౌబాయ్స్‌కు వెళ్లాడు. ‘మనవాళ్లకు ఈ ఆట ఎందుకు’ అనే బంధువులకు బ్రాండన్ చిల్లర్ పేరు చెప్పండి. తండ్రి భారతీయుడు, కొడుకు గ్రీన్ బే ప్యాకర్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. తర్వాత పేరుమోసిన లైన్‌బ్యాకరైన బాబీ వాగ్నర్‌కైతే స్కాలర్‌షిప్ ఇస్తామన్నది యూటా స్టేట్ యూనివర్సిటీ ఒక్కటే. హైస్కూల్ ఆటగాళ్లకు రేటింగ్ సైట్లు ఇచ్చే నక్షత్రాలను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే వీళ్లు అరుదైనవాళ్లు. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల మంది హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడతారు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కింద ఉన్న కాలేజీ జట్లలోకి వెళ్లేది నూటికి ఏడుగురు. అన్నిటికంటే పైస్థాయి అయిన మొదటి డివిజన్‌కు అందులో సగం కూడా ఉండరు. ఇప్పుడు మరీ ఇరుకైంది. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో మొదటి డివిజన్‌లోని చాలా కాలేజీల్లో జట్టు పరిమాణం 105 మందికి పరిమితమైంది. దాంతో స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే ‘వాక్ ఆన్’ కుర్రాళ్ల చోట్లు తగ్గాయి. పైగా కోచ్‌లు హైస్కూల్ పిల్లల కంటే వేరే కాలేజీ నుంచి బదిలీపై వచ్చే ఇరవయ్యేళ్ల ఆటగాళ్లవైపు మొగ్గుతున్నారు.

మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే, మీ అబ్బాయి బలం ఆట, చదువు రెండూ కలిసిన చోట ఉంది. ఎమ్‌ఐటీ, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్కిన్స్, షికాగో విశ్వవిద్యాలయం, ఇవన్నీ మూడో డివిజన్‌లో ఫుట్‌బాల్ ఆడతాయి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. అవసరాన్ని బట్టో, కొన్నిచోట్ల ప్రతిభను బట్టో ఆర్థిక సాయం దొరకవచ్చు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ ఆటకు స్కాలర్‌షిప్ లేదు కానీ, కోచ్ మాటకు అడ్మిషన్ల విభాగంలో బరువుంది. 3.7 బాగానే ఉంది కానీ ఈ కాలేజీలకు తీసుకున్న సబ్జెక్టులు ఎంత కష్టమైనవో కూడా ముఖ్యం. మొదటి డివిజన్‌పై ఆశ వదులుకోకపోతే వెంటనే స్కూల్ కౌన్సిలర్‌ను కలవండి. ఎన్‌సీఏఏ 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టుల కోర్సులు) అడుగుతుంది. వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, గణితం, సైన్స్‌లవి కావాలి. గడువు దాటాక ఆ లోటు పూడ్చడం చాలా కష్టం.

స్కూల్ హెడ్ కోచ్‌ను సూటిగా ఒకటి అడగండి: ‘మా వాడు ఏ స్థాయికి సరిపోతాడు?’ కాలేజీ కోచ్‌లు ఏప్రిల్, మే నెలల్లో స్కూళ్లకు వచ్చినప్పుడు ముందు మాట్లాడేది ఆయనతోనే. ఆయన మూడో డివిజన్ అంటే చిన్నబుచ్చుకోకండి. మీ అబ్బాయిని రోజూ చూసేది ఆయనే. తలకు దెబ్బ తగిలిన చరిత్ర ఉంటే అదీ దాచకండి. ఈ స్థానంలో ఢీకొనడం ప్రతి ఆటలోనూ ఉంటుంది, రెండోసారి తగిలితే డాక్టరు మాటే చివరి మాట కావాలి.

వేసవిలో ఒకటి రెండు కాలేజీ క్యాంపులకు పంపండి, అన్నిటికీ కాదు. వీడియో మూడు నాలుగు నిమిషాలు చాలు. మంచి ఆటలు మొదటి అరనిమిషంలోనే ఉండాలి. మ్యూజిక్ పెట్టకండి. కోచ్‌లకు మెయిల్ మాత్రం మీ అబ్బాయే, తన పేరుతో రాయాలి. ఎత్తు, బరువు, జీపీఏ, వీడియో లింకు, కోచ్ ఫోన్ నంబరు, అయిదు వాక్యాలు. మీరు రాసిచ్చిన ఇంగ్లిష్ పదిహేడేళ్ల కుర్రాడిది కాదని వాళ్లకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.