ఆసుపత్రి అప్పు నెలనెలా తీర్చాలంటే ముందు ఎవరికి కట్టాలి?

మీ నాన్నగారి ఆపరేషన్‌కు ఊళ్లో నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చారు. ఆసుపత్రికి ఇంకా అరవై వేలు బాకీ. జీతంలోంచి నెలకు ఎనిమిది వేలకు మించి తీయలేరు, ఇద్దరికీ చెరి సగం కడితే చాలా అని అడిగారు. చాలదు తమ్ముడూ. మా అమ్మ ఐసీయూ నుంచి బయటపడ్డాక హనుమకొండలో మేమూ ఇలాంటి లెక్కల్లోనే మునిగాం కాబట్టి చెబుతున్నాను.

నూటికి రెండు అంటే రెండు లక్షలకు నెలకు 4,000 వడ్డీ. మీరు ఇవ్వాలనుకున్న సగం సరిగ్గా వడ్డీకే సరిపోతుంది. ఏడాది తర్వాత చూసుకున్నా అసలు రెండు లక్షలు అలాగే ఉంటుంది. ఆసుపత్రి బాకీ మీద వడ్డీ లేనప్పుడు దానికి తొందర ఎందుకు? నెలకు 1,500 చొప్పున మాట్లాడుకోండి, 40 నెలల్లో పోతుంది. మిగతా 6,500 నోటుకు వేస్తే సుమారు నాలుగేళ్లు పడుతుంది. అదే అప్పును రూపాయి వడ్డీకి మార్చుకోగలిగితే మూడేళ్లే. తేడా డెబ్బై వేల పైమాట.

మార్చడమెలా అంటారేమో. మేము అమ్మ పుస్తెలతాడు ఒక్కటి వదిలి మిగతా బంగారం బ్యాంకులో పెట్టాం. ప్రభుత్వ బ్యాంకుల్లో సాధారణంగా రూపాయి లోపే పడుతుంది. గడువు దాటకుండా వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, లేదంటే వేలం నోటీసు వస్తుంది. కొంత మా వదిన పేరున మహిళా సంఘంలో తీసుకున్నాం. సంఘంలో ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్ల మీద పడుతుంది, కాబట్టి ఆ కిస్తీ మాత్రం ఏ నెలా ఆపలేదు.

ఇంకొంత నోటు అప్పు మిగిలింది. ఇచ్చినాయన పరకాల దగ్గర మాకు తెలిసిన పెద్దమనిషే. అసలుకు నెలనెలా కొంత ఇస్తామంటే, "చిల్లర నాకెందుకు, పత్తి అమ్మాక ఒకేసారి ఇవ్వండి" అన్నాడు. వడ్డీ పారుతుంటే ఆయనకేం తొందర? పైగా ఆయన లెక్కంతా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తికో మిర్చికో డబ్బు చేతికొచ్చే రైతుల లెక్క, నెల జీతగాడి బాధ పట్టదు. చివరికి మా మేనమామ కూర్చొని మాట్లాడితే, పదివేలు పోగైనప్పుడల్లా అసలుకు జమ వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీ, మొత్తం అక్షరాల్లో, ఆయన సంతకం. నేను దాన్ని అక్కడే ఫోనులో ఫొటో తీసుకునేదాన్ని. మొదట్లో ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత అలవాటైంది. మీరూ మొహమాటపడకండి. అప్పు తీరిన రోజు నోటు తిరిగి చేతికి తీసుకోవడం మరవకండి.

ఆసుపత్రి దగ్గర మాట్లాడేటప్పుడు కౌంటర్ దగ్గరి కుర్రాడితో పని కాదు, బిల్లింగ్ చూసే మేనేజర్‌ను కలవండి. నెలకు ఎంత, ఏ తేదీన, ఎప్పటి వరకు అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మమ్మల్ని ఖాళీ చెక్కులు అడిగారు, ఇవ్వలేదు. మీరూ ఇవ్వొద్దు. చెక్కు బౌన్స్ అయితే 138 సెక్షన్ కింద కేసు పడుతుంది, రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. వాళ్లు పట్టుబడితే మొత్తం, తేదీ రాసిన చెక్కులే ఇవ్వండి, అవీ జీతం పడ్డ తర్వాతి తేదీలకు.

ఆరోగ్యశ్రీ సంగతి కూడా అడిగారు. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు నిజమే, కానీ అది చికిత్సకు ముందే అనుమతి తీసుకునే పద్ధతి. చేతి నుంచి కట్టేసిన బిల్లు దానిలో వెనక్కి రాదు. నాన్నగారిని మళ్లీ చేర్చాల్సి వస్తే మొదటి రోజే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ఇప్పటి బిల్లుకు మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. బిల్లులో కొంత భాగమే వస్తుంది, అదీ ఆలస్యంగా. ఆ డబ్బును నమ్ముకొని కిస్తీ ఒప్పుకోకండి, వచ్చిన రోజు నేరుగా నోటు అసలుకు వేయండి. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి. బాకీ ఉందని కొన్ని ఆసుపత్రులు వాటిని తమ దగ్గరే ఉంచుకుంటాయి. మీవి ఎవరి దగ్గర ఉన్నాయో ముందు చూసి ఇక్కడ రాయండి, దాన్ని బట్టి మిగతాది చెబుతాను.