డయల్ మీద కంపెనీ పేరు లేనంత మాత్రాన రివర్సో నకిలీ కాదు

మీ తాతగారి రివర్సో (తిప్పి డయల్‌ని దాచుకునే స్విస్ చేతి వాచీ) డయల్ మీద "రివర్సో" అని తప్ప తయారీ కంపెనీ జేగర్-లెకూల్ట్ర్ పేరు లేదని, లోపలి మెషీన్ మీద టావన్ అనే వేరే కంపెనీ పేరు ఉందని, అందుకే షాపువాళ్లు డూప్లికేట్ అన్నారని రాశారు. టెన్షన్ పడకండి. ఈ రెండూ నకిలీకి గుర్తులు కావు. రివర్సో 1931లో వచ్చింది, జేగర్-లెకూల్ట్ర్ అనే బ్రాండ్ పేరు 1937లో. మొదటి రివర్సోలలో టావన్ కంపెనీ మెషీన్లే వాడారు, సొంత మెషీన్ 1933లో వచ్చింది. కాబట్టి మీది తొలినాళ్లది కావచ్చు.

వెనక ఉన్న నున్నటి ఉక్కు పలక కూడా అసలు డిజైనే. బ్రిటిష్ ఇండియాలో పోలో ఆడే ఆఫీసర్ల వాచీల అద్దాలు పగిలిపోతుంటే, డయల్‌ని చేతివైపు తిప్పి దాచుకునేలా దీన్ని తయారు చేశారు. పేటెంట్ రెనే-ఆల్ఫ్రెడ్ షోవోది. కేసుని (డయల్, మెషీన్ ఉండే లోహపు పెట్టెని) పక్కకి జరిపి, తిప్పి, మళ్లీ లోపలికి నెడితే టక్కుమని కూర్చోవాలి. బిగుసుకుంటే బలవంతం చేయొద్దు, గాడిలో మురికి చేరి ఉండొచ్చు.

దయచేసి పాలిష్ మాత్రం పెట్టించకండి. డయల్‌కి పైనా కిందా కేసు మీదుండే అడ్డగీతలే ఈ వాచీకి ప్రాణం, అరిగితే తిరిగి రావు. పాత రివర్సోలు తెలిసినవాళ్ల చేత కేసు, మెషీన్ రెండూ విప్పించి చూపించాకే నమ్మకంగా చెప్పగలం. ఆ ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.