కంట్రీ మ్యూజిక్ తెలియని మనం ఆర్‌వీలో బ్రాన్సన్ వెళ్లడం దండగా?

మీరు అడిగింది ఇదీ: ఇద్దరూ రిటైరయ్యారు, గ్రీన్ కార్డు ఉంది, డాలస్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నారు. ఆర్‌వీ (వంటిల్లు, పడకలు ఉన్న ఇల్లు లాంటి బండి) అద్దెకు తీసుకుని మిస్సోరీలోని బ్రాన్సన్ వెళ్లి నాలుగు మ్యూజిక్ షోలు చూడాలని ఉంది. కానీ కంట్రీ మ్యూజిక్ పరిచయం లేదు, ఆ యాసలో జోకులు అర్థం కావేమో, మాంసం తినరు, పైగా అక్కడికొచ్చేదంతా అమెరికన్ పెద్దవాళ్లేనట, మనం ఇమడగలమా అని.

నిక్షేపంగా వెళ్లండి. మేమిద్దరం ట్రావెల్ ట్రైలర్‌ని పికప్ ట్రక్కుకి తగిలించుకుని వెళ్లొచ్చాం, మళ్లీ ఎప్పుడు వెళ్దామా అని చూస్తున్నాం. మీ ట్రిప్ బాగుంటుందా లేదా అన్నది మాత్రం ఏ షోలు ఎంచుకుంటారన్న దాని మీదే ఉంటుంది. అందుకని ముందు ఆ సంగతి చెప్తాను, ఆర్‌వీ గోల తర్వాత.

పెద్ద పేర్ల వెంట పడొద్దు. సుమారు పదమూడు వేల మంది ఉండే ఊరు అది, కానీ థియేటర్లు మాత్రం డజన్ల కొద్దీ. హైవే 76 మీద వెళ్తుంటే రెండు వైపులా ఒకటే బోర్డులు. వాటిలో చాలావరకు ట్రిబ్యూట్ షోలు, అంటే పాత గాయకుల వేషం కట్టి వాళ్ల పాటలు పాడేవి. ఆ పాటలు రేడియోలో వింటూ పెరిగినవాళ్లకి అవి ప్రాణం. మనకి ఆ జ్ఞాపకాలు లేవు కాబట్టి పాట బాగానే ఉన్నా మనసుకు పట్టదు. మీరు కుటుంబాలు నడిపే షోలు చూడండి. మన సురభి నాటకాలు చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది: తాత మొదలుపెట్టిన షోలో కొడుకులు, మనవలు, మునిమనవలు. ప్రెస్లీ కుటుంబాన్నే తీసుకోండి (ఎల్విస్ ప్రెస్లీ వాళ్లు వేరు). మొదట్లో ఊరికి దూరంగా ఒక గుహలో పాడేవాళ్లు. 1967లో హైవే 76 మీద మొట్టమొదటి థియేటర్ కట్టింది వాళ్లే, ఇప్పటికీ నడుపుతున్నది వాళ్లే. హేగుడ్స్ అని ఇంకో కుటుంబం ఉంది. అన్నదమ్ములు, ఒక చెల్లెలు. ఒక్కొక్కరూ ఎన్ని వాయిద్యాలు మారుస్తారో చూస్తుంటే కళ్లు తిరుగుతాయి.

మాటలు అర్థం కావన్న టెన్షన్ అక్కర్లేదు. జోకుల్లో సగం మాకూ అందలేదు, బ్రాన్సన్ ఉన్న ఈ ఓజార్క్ కొండల యాస అలాంటిది. కానీ ఫిడేలుకి యాస లేదు కదా. ఒక షోలో ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో, ఒక కుర్రాడు ఫిడేలు, పక్కనే నెరిసిన గడ్డం పెద్దాయన బాంజో. ఒకరు వాయించిన ముక్కని ఇంకొకరు అందుకుని, దాన్ని ఇంకాస్త వేగంగా తిప్పి అవతలివాళ్ల మీదకి వదులుతారు. కమాను వెంట్రుకలు రెండు మూడు తెగి గాలిలో ఊగుతున్నా కుర్రాడు ఆపడు. చిన్నప్పుడు త్యాగరాజ ఆరాధనలకి తప్ప ఎక్కడికీ కదలని మావారు కుర్చీ అంచుకి వచ్చేశారు. ఇంటర్వెల్‌లో ఆ కుర్రాడే లాబీలో నిలబడి సీడీల మీద సంతకాలు పెడుతున్నాడు. మావారు వెళ్లి మన కర్ణాటక సంగీతంలో వయొలిన్ కింద కూర్చుని వాయిస్తారని చెబితే, అదెలా అని పట్టుదలగా అడిగి, అక్కడే కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చూపించమన్నాడు. పెద్ద నగరాల్లో కచేరీలకి వెళ్తే ఆర్టిస్టు ఇలా చేతికందుతాడా?

ఇంకో సంగతి. దాదాపు ప్రతి షోలోనూ చివర్లో సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఒక్కోదాని పాట వాయిస్తూ ఆ విభాగంలో పనిచేసినవాళ్లని లేచి నిలబడమంటారు. మా పక్క సీటాయన నేవీ పాట రాగానే చేతికర్ర భార్య చేతికిచ్చి, ముందు సీటు పట్టుకుని మెల్లిగా లేచారు. పాట అయ్యేదాకా కూర్చోలేదు. హాలంతా చప్పట్లు. దేశభక్తి, సువార్త పాటలు ఈ ఊళ్లో షోలలో అంతర్భాగం. అది నచ్చనివాళ్లు ఉంటారు, నాకు మాత్రం ఆ మనుషుల్ని అర్థం చేసుకోవడానికి అదే దారి అనిపించింది.

ఇంత మారుమూల కొండల్లో ఇన్ని థియేటర్లెందుకు అని మీకూ అనిపిస్తుంది. మొదటి కారణం నీళ్లు. 1958లో వైట్ నది మీద టేబుల్ రాక్ డ్యామ్ పూర్తయ్యాక చేపలు పట్టేవాళ్లు వరస కట్టారు. పొద్దంతా చేపలు, సాయంత్రం ఏం చేయాలి? 1959లో మేబ్ సోదరులు 'బాల్డ్‌నాబర్స్' పేరుతో వాళ్లకోసం పాడటం మొదలుపెట్టారు. బట్టలుతికే రేకు బల్ల, తొట్టికి తాడు కట్టి చేసిన బేస్, గాడిద దవడ ఎముక, ఇవీ వాళ్ల వాయిద్యాలు! మరుసటేడు సిల్వర్ డాలర్ సిటీ అనే థీమ్ పార్కు తెరిచారు. 1991 డిసెంబర్‌లో '60 మినిట్స్' టీవీ కార్యక్రమం ఈ ఊరి మీద కథనం వేశాక ఇక తాకిడి ఆగలేదు, 1992లో పేరుమోసిన గాయకుడు ఆండీ విలియమ్స్ అంతటివాడు సొంత థియేటర్ కట్టుకున్నాడు.

ఇమడగలమా అన్నారు. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి హౌస్‌ఫుల్ చేసిన తారల్లో ఒకరు జపాన్ ఆయన, షోజీ తబూచీ. ఒసాకాలో చదువుకునేటప్పుడు కంట్రీ గాయకుడు రాయ్ ఏకఫ్ కచేరీ విని, ఫిడేలు పట్టుకుని అమెరికా వచ్చేశారు. 2023లో పోయారు. ఆయన పేరెత్తితే ఇప్పటికీ అక్కడివాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ప్రేక్షకుల్లో మనవాళ్లు కనిపించడం అరుదే, నిజమే. కానీ చీర కట్టుకుని వెళ్లిన రోజున నాతో మాట కలిపినంత మంది ఇంకెప్పుడూ కలపలేదు.

ఇప్పుడు ఆర్‌వీ. డాలస్ నుంచి 400 మైళ్లు దాటుతుంది, ఒక్క రోజులో లాగొద్దు, మధ్యలో ఒక రాత్రి ఆగండి. జీపీఎస్ ఆర్కాన్సా కొండల్లో వంకర రోడ్లు చూపిస్తే వద్దనండి. ఓక్లహోమా మీదుగా ఐ-44 ఎక్కి, స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర హైవే 65 పట్టుకుని దక్షిణంగా దిగితే వెడల్పు రోడ్డు. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేర్‌లో వేయాలి. ఊళ్లోకి వచ్చాక ఆర్‌వీని పార్కులో పెట్టి, ఇక కదపొద్దు. హైవే 76 సాయంత్రం షోల వేళకి నత్తనడకే. అందుకే మీరు మోటార్‌హోమ్ (ఇంజిన్ కూడా దాంట్లోనే ఉండే ఆర్‌వీ) తీసుకుంటే, ఊళ్లో తిరగడానికి అబ్బాయి కారు వెనకే రావాలి, లేదా అక్కడ అద్దెకు తీసుకోవాలి. ఆ రోడ్డుని తప్పించుకోవడానికి సిటీవాళ్లు ఎరుపు, నీలం, పసుపు రంగుల గుర్తులతో పక్కదారులు పెట్టారు, మొదటి రోజే వాటిని అలవాటు చేసుకోండి.

ఎక్కడ దిగాలి? టేనీకోమో సరస్సు ఒడ్డున సిటీ వాళ్లదే లేక్‌సైడ్ ఆర్‌వీ పార్కు ఉంది. నీళ్లు, కరెంటు, సివర్ (మురుగునీటి గొట్టం) అన్నీ సైట్‌లోనే. ఒడ్డునే ఉన్న బ్రాన్సన్ ల్యాండింగ్ షాపింగ్ సెంటర్‌కి నడిచిపోవచ్చు, అక్కడ పాటకి తగ్గట్టు నీళ్లూ మంటలూ ఎగిసే ఫౌంటెన్ చూడటానికి టికెట్ లేదు. డబ్బు ఆదా కావాలంటే టేబుల్ రాక్ సరస్సు చుట్టూ ఆర్మీ ఇంజనీర్ల క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. 62 దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సీనియర్ పాస్ ఉంటే వాటి అద్దె సగమే. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీకూ ఇస్తారు, జీవితకాలం పాసు 80 డాలర్లు. వాటిలో చాలా సైట్లకి సివర్ కనెక్షన్ ఉండదు, బయల్దేరేటప్పుడు డంప్ స్టేషన్‌లో ట్యాంకులు ఖాళీ చేసుకోవాలి. నా ఓటు టేనీకోమోకే. డ్యామ్ లోతుల్లోంచి వచ్చే నీళ్లు కావడంతో ఎండాకాలంలోనూ చేయి పెడితే జివ్వుమంటుంది. పొద్దున్నే సరస్సు మీద పొగమంచు, అందులో నడుములోతు నీళ్లలో ట్రౌట్ చేపల కోసం గాలం వేసేవాళ్లు. కాఫీ గ్లాసు పట్టుకుని గంటసేపు చూసినా తనివి తీరదు.

తిండి గురించి బెంగ వద్దు, వంట మన చేతిలోనే ఉంది. 30 ఆంప్స్ కనెక్షన్ అయితే ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ రెండూ పెట్టారా, బ్రేకర్ పడిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడండి. తిరగమోత మాత్రం బయట బల్ల మీద, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుని వేయండి. లోపల వేస్తే ఇంగువ వాసన సీట్లకి పట్టి, అద్దెకిచ్చినవాళ్లు క్లీనింగ్ చార్జీ వేయొచ్చు. డాలీ పార్టన్ స్టాంపీడ్ లాంటి భోజనం షోలకి వెళ్తే శాకాహారమని టికెట్ కొనేటప్పుడే చెప్పాలి. అక్కడ స్పూన్లు ఇవ్వరు, అందరూ చేత్తోనే తింటారు, మనకి హాయి. బ్రాన్సన్ బెల్ అనే పెద్ద పడవలోనూ భోజనంతో పాటు షో ఉంది. 1995లో దాన్ని సరస్సులోకి దించేటప్పుడు గ్రీజు వాడితే నీళ్లు పాడవుతాయని పట్టాలకి అరటిపళ్లు పూశారు!

ఒక్క జాగ్రత్త. సగం ధరకే టికెట్లు, ఉచితంగా టికెట్లు అని రోడ్డు పక్కన బోర్డులు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు టైమ్‌షేర్ (ఏడాదిలో కొన్ని రోజులు వాడుకునేలా విడిది ఇంట్లో వాటా) అమ్మేవాళ్లవి. రెండు గంటలని చెప్పి ఒకచోట మమ్మల్ని పొద్దుటి పూటంతా కూర్చోబెట్టి, వద్దంటే మనిషి మీద మనిషిని పంపారు. మీ టికెట్లు నేరుగా థియేటర్ బాక్సాఫీస్‌లోనే కొనండి, సీనియర్ తగ్గింపు ఉందేమో అడగండి.

రోజుకి రెండు షోలు మించొద్దు. పొద్దున 10 గంటల షోలు కూడా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అవే మేలు, చీకట్లో డ్రైవింగ్ తప్పుతుంది. సిల్వర్ డాలర్ సిటీలో మార్వెల్ కేవ్ గుహకి వందల మెట్లు దిగాలి, మోకాళ్లు సహకరించకపోతే పైనే బ్లూగ్రాస్ (ఫిడేలు, బాంజోలతో వాయించే జానపద సంగీతం) పాటలు వింటూ కూర్చోండి. జనవరి, ఫిబ్రవరిలో చాలా థియేటర్లు మూసేస్తారు. నవంబర్ మొదలుకుని అంతా క్రిస్మస్ షోలే. అక్టోబర్ అయితే కొండల మీద ఆకులు రంగు మారి ఉంటాయి, మామూలు షోలూ నడుస్తుంటాయి. ఆదివారం కొన్ని థియేటర్లకి సెలవు కాబట్టి మీ మకాం సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్టుకోండి, ఆర్‌వీ పార్కులోనూ ఆ రోజుల్లో సైటు తేలిగ్గా దొరుకుతుంది.