మజ్జ మార్పిడి తర్వాత మందు ఇచ్చిన ఎలుకలే ముందు చనిపోతుంటే ఏం చూడాలి?

మీ ప్రశ్న: దాత బ్లాక్-6, గ్రహీత బాల్బ్-సీ (రెండూ ప్రయోగశాల ఎలుకల రకాలు). జీవీహెచ్‌డీ (దాత రోగనిరోధక కణాలు గ్రహీత శరీరం మీద దాడిచేసే జబ్బు) రాకుండా మార్పిడి మర్నాటి నుంచే సైక్లోఫాస్ఫమైడ్, సైక్లోస్పోరిన్ మందులు కలిపి ఇస్తే 9, 10 రోజులకే ఎలుకలు పోతున్నాయి, మోతాదు తగ్గించాలా?

మోతాదు సంగతి తర్వాత. ముందు అవి దేనివల్ల పోతున్నాయో తేలాలి. ఆ రోజుల్లో చావులకు మార్పిడికి ముందు ఇచ్చే రేడియేషనే కారణం కావచ్చు: మజ్జ ఇంకా కుదురుకోదు, పేగు పొర దెబ్బతిని ఇన్ఫెక్షన్ వస్తుంది. జీవీహెచ్‌డీ తీవ్రమైనా అప్పుడే పోవచ్చు. తేల్చాలంటే టీ కణాలు (ఆ దాడి చేసే తెల్ల రక్తకణాలు) తీసేసిన మజ్జ మాత్రమే ఎక్కించి, అదే మందు ఇచ్చిన గుంపు ఒకటి ఉండాలి. చాలామంది వదిలేసేది దీన్నే. అందులోనూ చనిపోతే తప్పు టీ కణాలది కాదు. బాల్బ్-సీకి రేడియేషన్ తట్టుకునే శక్తి తక్కువ. సాధారణంగా 8–8.5 గ్రే (రేడియేషన్ కొలమానం), 3–4 గంటల తేడాతో రెండు విడతలుగా ఇస్తారు. మీ యంత్రం అసలు ఎంత ఇస్తోందో కొలిపించండి. మజ్జ కణాలు 50 లక్షలు, టీ కణాలు 5–10 లక్షలు చాలు. తోక సిరలోకి ఎక్కించే ముందు 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టండి. గడ్డలుంటే ఊపిరితిత్తుల్లో ఇరుక్కుని ఎలుక అక్కడికక్కడే పోతుంది.

ఇక అసలు పొరపాటు రోజుల్లో ఉంది. సైక్లోఫాస్ఫమైడ్ గట్టిగా దెబ్బతీసేది విభజన చెందుతున్న కణాలనే. పరాయి కణజాలాన్ని గుర్తుపట్టిన టీ కణాలు జోరుగా పెరిగేది 3, 4 రోజుల్లో. మర్నాడు ఇస్తే అవి ఇంకా ఆ దశకు రావు. సైక్లోస్పోరిన్ టీ కణాల ఉత్తేజాన్నే ఆపుతుంది, ముందే ఇస్తే సైక్లోఫాస్ఫమైడ్‌కు దొరకాల్సిన కణాలు నిద్రపోతాయి. మనుషుల్లోనూ మార్పిడి తర్వాత 3వ, 4వ రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ కిలోకు 50 మిల్లీగ్రాములు ఇచ్చి, సైక్లోస్పోరిన్ జాతి మందులను 5వ రోజున మొదలుపెట్టే పద్ధతి ఇందుకే.

ఆ 50ని ఎలుకకు అలాగే దింపకండి. కిలోకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పైకీ కిందికీ చూడండి. మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాముల ద్రావణం చేసుకుంటే గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్లు. ఆ ఉదయం ప్రతి ఎలుకనూ తూచండి. 20 గ్రాములది 17కు దిగి ఉంటే 200 కాదు, 170 మైక్రోలీటర్లే. పాత బరువుతో ఇస్తే బాగా జబ్బుపడ్డ ఎలుకకే ఎక్కువ మందు పడుతుంది.

గుంపుకో పంజరం పెట్టకండి. పేగు బ్యాక్టీరియా జీవీహెచ్‌డీ తీవ్రతను మార్చేస్తుంది, అది మందు గుణంలా కనబడుతుంది. ప్రతి పంజరంలోనూ అన్ని గుంపుల ఎలుకలూ ఉండేలా కలిపేయండి. బరువు, వంగిన నడుం, కదలిక, వెంట్రుకలు, చర్మం: ఈ అయిదింటికీ 0–2 మార్కులు వేసేవారికి ఏది ఏ గుంపో తెలియకూడదు. బరువు ఎంత తగ్గితే బాధ లేకుండా చంపెయ్యాలో నైతిక కమిటీ చెప్పిన హద్దును కచ్చితంగా పాటించండి, జబ్బు ముదిరేదాకా చూస్తూ కూర్చోవద్దు.

బతికినవాటిలో 28వ రోజు ప్రాంతంలో రక్తం తీసి దాత కణాల శాతం చూడండి. మజ్జ నిలవక జీవీహెచ్‌డీ రాకపోతే అది నివారణ కాదు. అది నిలిచిందని తేలాక, ఏ20 కణాలు (ఎలుక రక్తక్యాన్సర్ కణాలు) కలిపి ఇంకోసారి చేయండి: జీవీహెచ్‌డీతోపాటు క్యాన్సర్ మీద దాడి కూడా ఆగిపోయిందేమో అక్కడే తెలుస్తుంది.