నాన్న ‘వద్దులేమ్మా’ అంటున్నారు... మద్రాసు ప్రయాణం మానుకోవాలా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నకు 74 ఏళ్లు. టీచరుగా రిటైరై కావలిలో అన్నయ్య, వదినల దగ్గర ఉంటున్నారు. అమ్మ పోయి మూడేళ్లయింది. పెళ్లికి ముందు నాన్న కొన్నేళ్లు మద్రాసులో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేవారట. కోడంబాకంలో అద్దె గది, సాయంత్రం పానగల్ పార్కులో కబుర్లు... మా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అప్పటి స్నేహితుడు ఒకాయన ఇప్పటికీ సాలిగ్రామంలో ఉన్నారు, ఫోన్లో మాట్లాడుకుంటారు. నాన్నను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లాలని నా కోరిక. శని, ఆదివారాల్లో మైలాపూరు, మ్యూజియం, టి.నగర్ షాపింగ్, మెరీనా, మహాబలిపురం, వడపళని గుడి చూసి వచ్చేలా ప్లాన్ వేశాను. అడిగితే ‘వద్దులేమ్మా, ఇప్పుడెందుకు’ అంటారు. కిందటేడు బెంగళూరు తీసుకెళ్తే రోజంతా మంచినీళ్లు ముట్టలేదు, కాఫీ వద్దన్నారు. లాల్‌బాగ్ దగ్గర కారే దిగలేదు. ‘ఇంకెంతసేపు’ అని అడుగుతూనే ఉన్నారు. విసుగొచ్చి ‘ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాను నాన్నా’ అని అరిచేశాను. అప్పటి నుంచి ఎక్కడికి పిలిచినా రారు. అన్నయ్యేమో ‘ఈ వయసులో తిప్పడం ఎందుకు, ఏమైనా అయితే ఎవరిది బాధ్యత’ అంటాడు. నాన్న బీపీకి మాత్రలు వాడతారు. మోకాళ్ల నొప్పులున్నా నడుస్తారు. ఇష్టం లేని మనిషిని నేను బలవంతం చేస్తున్నానా? మా పిల్లల్ని కూడా తీసుకెళ్తే ఆయనకు సరదాగా ఉంటుందా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అసలు సంగతి మీరు మాటల మధ్యలో రాసేసి ముందుకు వెళ్లిపోయారు. రోజంతా మంచినీళ్లు ముట్టలేదు, కాఫీ వద్దన్నారు, కారు దిగలేదు. బెంగళూరులో కాఫీ వద్దన్న పెద్దాయనకు ఊరు నచ్చలేదని నేననుకోను. బాత్రూం ఎక్కడుందో తెలియని చోట ఒంట్లోకి నీళ్లు పోనివ్వకూడదనుకున్నారేమో అనిపిస్తోంది.

డెబ్బై దాటిన మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం చాలా మామూలు విషయం. మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, వచ్చిందంటే ఆపుకోలేకపోవడం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం దాని లక్షణాలు. బీపీ మందుల్లో నీరు పోయే మాత్ర కలిసి ఉంటే అది వేసుకున్న కొన్ని గంటలపాటు ఇంకా ఇబ్బంది. ఇంట్లో అయితే నాలుగడుగుల్లో బాత్రూం ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కారులో పక్కన కన్నకూతురు, ముందు సీట్లో డ్రైవరు ఉండగా గంటకోసారి ‘ఎక్కడైనా ఆపమ్మా’ అనాలంటే ఆ తరం మగవాళ్లకు చచ్చేంత మొహమాటం. అంతకంటే గొంతు ఎండగట్టుకోవడమే నయమనుకుంటారు. ‘ఇంకెంతసేపు’ అన్న ప్రశ్న మీకు విసుగులా వినిపించింది. అది అవసరంలోంచి వచ్చిన ప్రశ్న అయ్యుండొచ్చు.

నేను డాక్టర్ని కాను. కారణం మోకాళ్లే కావచ్చు, మరొకటి కావచ్చు. అది తేల్చుకోకుండా టికెట్లు మాత్రం కొనకండి. ఈ విషయం మీరు నేరుగా అడిగితే ‘అదేం లేదమ్మా’ అంటారు, అక్కడితో సరి. అన్నయ్యను అడగమనండి, లేదా మీ వారి చేత అడిగించండి. అన్నిటికంటే మేలైనది డాక్టరు దగ్గరికి అన్నయ్యతో పంపడం. మీరు వెళ్లినా గది బయటే కూర్చోండి. అడగాల్సినవి ఇవి: బీపీ మాత్రల్లో నీరు పోయే మందు ఉందా, ప్రయాణం రోజున దాన్ని వేరే వేళకు మార్చుకోవచ్చా, ప్రోస్టేట్‌కు మందు అవసరమా. ఊరెళ్లే రోజు ఆ మాత్రను తమంతట తామే ఎగ్గొట్టే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, అలా చేయనివ్వకండి. నీళ్లు తాగకపోతే కళ్లు తిరుగుతాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఇంకొక్క మాట. జలుబు మాత్రలు, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు కొన్ని ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రం బిగదీసేస్తాయి. మీ హ్యాండ్‌బ్యాగులో ఉండే మాత్ర తీసి ‘ఇది వేసుకోండి నాన్నా’ అని ఇచ్చేయకండి.

ఇక మీ ప్లాన్. అది మరోసారి చదువుకోండి. మైలాపూరు, మ్యూజియం, షాపింగ్, మెరీనా, మహాబలిపురం, వడపళని. మీ నాన్నగారు ఇన్నేళ్లుగా చెబుతున్నవి ఏమిటి? కోడంబాకంలో గది, పానగల్ పార్కు. ఆ రెండూ మీ ప్లాన్‌లో లేవు. సాలిగ్రామంలో ఉన్న స్నేహితుడి ఇల్లు కూడా లేదు. వడపళని దాకా వెళ్లి, పక్కనే ఉన్న సాలిగ్రామం వెళ్లకుండా వచ్చేద్దామనుకున్నారు. కోప్పడుతున్నానని అనుకోవద్దు. ప్రేమతోనే వేశారు, కానీ ఇది చెన్నై మొదటిసారి చూసేవాళ్ల ప్లాన్. మీ నాన్నగారు వెళ్లాల్సింది మద్రాసుకి.

మహాబలిపురం పూర్తిగా తీసేయండి. వెళ్లి రావడానికే నూరు కిలోమీటర్లు పైచిలుకు, పైగా అక్కడంతా ఎండలో రాళ్ల మధ్య నడక. టి.నగర్ షాపింగ్ కూడా వద్దు. శనివారం సాయంత్రం రంగనాథన్ వీధి జనంలో మోకాళ్ల నొప్పుల మనిషిని నిలబెట్టకండి. చీరలు మరోసారి కొనుక్కోవచ్చు.

శుక్రవారం సెలవు పెట్టండి. హైదరాబాద్ నుంచి నేరుగా చెన్నై వెళ్లి అక్కడ కలుస్తాననే ఆలోచన ఉంటే మానుకుని, ముందు రోజే కావలి చేరండి. అక్కడి నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరూ చైర్ కార్‌లో వెళ్లండి. పగటి బండి, ఎక్కడా మారే పని లేదు, మధ్యాహ్నానికల్లా సెంట్రల్‌లో దింపుతుంది. కారు కంటే రైలు ఎందుకంటే, అందులో బాత్రూంకి ఎవరినీ ఆపమని అడగక్కర్లేదు. ఆయనకు నడవా పక్క సీటు ఇవ్వండి. కిటికీ సీటు మర్యాదే గానీ, లేచిన ప్రతిసారీ పక్కవాళ్లను జరగమనాలి. ఆ భయానికే మళ్లీ నీళ్లు మానేస్తారు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి తమిళనాడులోకి అడుగుపెట్టేలోపు ఆయన నోట కబుర్లు వాటంతట అవే వస్తాయి. మీరు ఫోన్ పక్కన పెడితే చాలు.

హోటల్ టి.నగర్‌లో తీసుకోండి, ఆయన తిరిగిన చోట్లు దగ్గర. లిఫ్ట్ ఉందా అని అడగడం ఒక్కటే చాలదు. ఆటో దిగిన చోటు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయో అడగండి. చాలా హోటళ్లలో వీధి మీది నుంచి లాబీకి ఐదారు మెట్లుంటాయి, అవి ఫొటోల్లో కనిపించవు. బాత్రూంలో కమోడ్, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉండాలి. రెండు విడి మంచాలు అడగండి. రాత్రి బాత్రూం లైటు వేసి, తలుపు ఓరగా తీసి ఉంచండి. కొత్త గదిలో, అర్ధరాత్రి, చీకట్లో పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం ఎక్కువ. ఒకే గదిలో ఉండటం ఆయనకు ఇబ్బందిగా అనిపిస్తుందేమో కూడా ముందే అడగండి, పక్కపక్క గదులైనా పర్వాలేదు.

శుక్రవారం భోజనం చేసి పడుకోనివ్వండి. సాయంత్రం పానగల్ పార్కు, అంతే. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు, మన తెలుగువారే. ఆయన పేరే పార్కుకు పెట్టారు. ఈ సంగతి మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, అడిగి చెప్పించుకోండి. శనివారం పొద్దున్నే మైలాపూరు కపాలీశ్వరుడి గుడి. మధ్యాహ్నం పూట మూసేస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి. అక్కడికి దగ్గర్లోనే, రాయపేట హైరోడ్డులో, పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచిన ఇల్లు ఉంది. స్మారకంగా ఉంచారు. నెల్లూరు జిల్లాకు ఆయన పేరే పెట్టారు, ఆ జిల్లా మాస్టారైన మీ నాన్నగారు అక్కడ కాసేపు నిలబడాలనుకుంటారు. మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి, నాకూ ఇష్టమైన చోటు. కానీ అది ఎగ్మోరులో, గంటలకొద్దీ నిలబడి చూడాల్సినది. శుక్రవారం సెలవు కూడా. ఆయనే అడిగితే తప్ప వదిలేయండి.

శనివారం సాయంత్రం మాత్రం స్నేహితుడి ఇంటికి. నా దృష్టిలో ఈ ప్రయాణానికి అసలు పని ఇదే. ముందుగా ఆ ఇంట్లోవాళ్లతో మీరు ఒకసారి ఫోన్లో మాట్లాడి ఆయన ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోండి. ఫోన్లో గట్టిగా మాట్లాడే మనిషి మంచం మీద ఉండి ఉండొచ్చు, అది గుమ్మంలో నిలబడి తెలుసుకునే విషయం కాకూడదు. వెళ్లాక ఓ పావుగంట కూర్చుని, కాఫీ తాగి, ఏదో వంకతో బయటికి వచ్చేయండి. ఇద్దరు ముసలి స్నేహితుల మధ్య కూతురు కూర్చుంటే మాట్లాడుకునేవి మాట్లాడుకోరు. వాళ్ల కబుర్లు అయ్యేలోపు మీరు వడపళని మురుగన్ గుడి చూసి రావచ్చు.

కోడంబాకంలో ఆ గది ఉన్న మేడ ఇప్పుడు ఉండకపోవచ్చు. ప్రెస్ కూడా పోయి ఉంటుంది. విజయా వాహినీ స్టూడియోల స్థలంలోనే ఇవాళ పెద్ద షాపింగ్ మాల్ ఉంది. వీధి చివర నిలబడి ఆయన ఏమీ మాట్లాడకపోతే మీరు కంగారుపడి ‘పోనీలే నాన్నా, పదండి, ఐస్‌క్రీం తిందాం’ అనకండి. అమ్మ గుర్తుకు రావచ్చు, అమ్మకంటే ముందరి రోజులు గుర్తుకు రావచ్చు. ఆయన కదిలినప్పుడే కదలండి.

మెరీనా ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందు. ఇసుకలో నడవడం మోకాళ్లకు కష్టం. వివేకానంద ఇల్లం ఎదురుగా, నడవలేనివాళ్ల కోసం నీళ్ల దగ్గరి దాకా చెక్క దారి వేశారు. వెళ్లే ముందు అది తెరిచి ఉందో లేదో హోటల్‌వాళ్లను కనుక్కోండి. మధ్యాహ్నం పినాకినికే తిరుగు ప్రయాణం. ఇదంతా జనవరిలోనో ఫిబ్రవరిలోనో పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు, మార్చి దాటితే ఉక్క.

ఆటోవాళ్లతో ఆయన్నే మాట్లాడనివ్వండి. ఆయన అరవం కొంచెం తుప్పు పట్టి ఉంటుంది, అయినా మీకంటే నయమే కదా. యాప్‌లో క్యాబ్ క్షణంలో వస్తుందని నాకూ తెలుసు. రోజుకు ఒక్క ఆటో అయినా ఆయన బేరమాడి ఎక్కించాలి. కాఫీలు, టిఫిన్లు ఆయన పెన్షన్‌లోంచే పెట్టనివ్వండి. ‘నేనిస్తాను నాన్నా’ అని చేతిలోంచి బిల్లు లాక్కోకండి.

మీ అన్నయ్య మాట మీకు పిరికితనంలా అనిపించి ఉంటుంది. నాకు అలా అనిపించలేదు. ఏదైనా అయితే రాత్రుళ్లు మేలుకునేది ఆ ఇంట్లోవాళ్లే. మీరు ఉత్తరంలో వదిన పేరు ఒక్కసారే ఎత్తారు, నాన్న ఎక్కడుంటారో చెప్పడానికి. ఏ మాత్ర ఏ పూటో, రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, ఏం తింటే పడదో తెలిసిన మనిషి ఆమె. ఏడాది పొడుగునా చాకిరీ ఒకరిది, మూడు రోజులు తిప్పుకొచ్చిన మంచి పేరు మరొకరిది అయితే ఆ ఇంట్లో ఎవరికైనా చివుక్కుమంటుంది. ముందు ఆమెను అడగండి. మందుల డబ్బా ఆమె చేతే సర్దించుకోండి, రెండు రోజులవి అదనంగా. డాక్టరు చీటీ ఫొటో మీ ఫోన్లో, అన్నయ్య ఫోన్లో ఉంచండి. హోటల్‌కు దగ్గరి ఆస్పత్రి ఏదో చూసి అన్నయ్యకు చెప్పండి. 108 అంబులెన్స్ తమిళనాడులోనూ ఉంది. ఇవన్నీ వింటే మీ అన్నయ్య సగం మెత్తబడతారు. మిగతా సగం డాక్టరు సరేనంటే.

బలవంతం చేస్తున్నానా అని అడిగారు. ఇంతవరకు లేదు. ఒకసారి అడిగి వద్దన్నాక ఊరుకున్నారు. ఈసారి ఫోన్లో కాకుండా కావలి వెళ్లి అడగండి. ముందు బెంగళూరు సంగతి తేల్చేయండి. ‘ఆ రోజు అలా అరవకుండా ఉండాల్సింది నాన్నా’ అంటే చాలు. సంజాయిషీ వద్దు, ‘కానీ మీరు కూడా’ అసలే వద్దు. ఆయన ‘పోనీలేమ్మా, ఎప్పటి సంగతి’ అంటారు. అక్కడితో వదిలేసి, సాలిగ్రామం వెళ్లొద్దామా అని అడగండి. మద్రాసు చూపిస్తాను అనకండి. అప్పుడూ వద్దన్నారనుకోండి, ఆ స్నేహితుడినే కావలి పిలిపించే మార్గం ఉందేమో చూడండి. అదీ మంచి వారాంతమే.

పిల్లల్ని ఈసారి తీసుకెళ్లొద్దు. వాళ్లకు మాల్, బీచ్ కావాలి, ఆయనకు మధ్యాహ్నం నిద్ర కావాలి, మధ్యలో మీరు నలిగిపోయి మళ్లీ ఎవరో ఒకరి మీద అరుస్తారు. వాళ్లు సెలవుల్లో కావలి వెళ్లినప్పుడు ఆయనే వాళ్లకు చెప్పుకుంటారు.