బగ్ అనే మాట 1947లో పుట్టిందా, 1878లోనా?

యంత్రాల్లో, ప్రోగ్రాముల్లో లోపాన్ని బగ్ (ఇంగ్లీషులో పురుగు) అంటారు. ఈ మాట 1947లో పుట్టిందని మీ స్లైడ్‌లో ఉంది, ఎడిసన్ 1878లోనే వాడాడని మీరు చూశారు. ఈ రెండు తేదీలకు పొంతన కుదరకపోవడానికి కారణం ఒకటే: 1947 నాటిది మాట పుట్టుక కాదు, దాని మీద వేసిన జోకు.

1. 1947లో హార్వర్డ్ మార్క్ 2 అనే తొలితరం కంప్యూటర్ రిలేలో (విద్యుత్ స్విచ్‌లో) దీపప్పురుగు ఇరుక్కుంది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, "నిజంగా బగ్ దొరికిన మొదటి కేసు" అని రాశారు.

2. అందరూ గమనించకుండా దాటేసేది ఆ "నిజంగా" అనే మాటనే. లోపాన్ని బగ్ అనడం అప్పటికే వాడుకలో లేకపోతే అందులో చమత్కారమేముంది?

3. ఎడిసన్ 1878 ఉత్తరంలోనే చిన్నచిన్న లోపాలను బగ్స్ అన్నాడు. మీరు చూసింది సరైనదే.

4. పురుగును కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పట్టుకుందని రాయకండి. ఆవిడ ఆ కథను ఊరూరా చెప్పింది, అంతే.

స్లైడ్‌లో "పుట్టింది" తీసేసి "కంప్యూటర్ వాళ్లలో ప్రచారమైంది" అని పెట్టండి.